జలపాతానికి చక్రం తిప్పినవాడు

ఆ అడవికి ఏడాది పొడుగునా జనం వస్తారు. జాతీయ వనం అని పెద్ద పేరు, పెద్ద గేటు, గేటుకి రెండు పక్కలా సిమెంటు జింకలు. లోపలి జింకల కంటే ఈ సిమెంటు జింకల పక్కనే ఫొటోలు ఎక్కువ దిగుతారు. పాపం, ఇవి పారిపోవు కదా! వచ్చినవాళ్ళు తప్పక చూడవలసినవేమిటో టిక్కెట్టు వెనకాలే అచ్చువేసి ఇస్తారు. అందులో ఏనుగు బండ ఒకటి. ఎటునుంచి చూసినా అది బండలాగే ఉంటుంది గానీ, గైడు "అదిగో తొండం" అనగానే అందరికీ తొండం కనిపించేస్తుంది. కనిపించలేదంటే పక్కవాడి ముందు పరువు పోదూ? సూర్యోదయ శిఖరం ఇంకొకటి. చలికి గడగడ వణుకుతూ కొండెక్కితే మబ్బులు కనిపిస్తాయి. మబ్బుల వెనక సూర్యుడున్నాడని గైడు హామీ ఇస్తాడు. ఇక జింకల మైదానం సంగతి చెప్పనే అక్కర్లేదు. జింకలన్నీ క్యాంటీను వెనక చెత్తకుండీల దగ్గరుంటాయి, మైదానంలో జనం ఉంటారు.

వీటన్నిటికీ తలమానికం జలపాతం. చూసినవాళ్ళందరూ ఒకటే మాట: "అచ్చం టిక్కెట్టు మీద బొమ్మలాగే ఉందండీ!" ఉండదూ మరి! అది బొమ్మలాగే ఉండేట్టు చూడ్డానికి కొండ మీద ఒక మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టారు. ఈ కథ ఆ మహానుభావుడిదే.

ఒకప్పుడు ఆ జలపాతం ఎవరి సాయమూ లేకుండానే పడేది. తర్వాత ఎగువన ఊట తగ్గింది, వాగు సన్నబడింది. వానలు వెనకబడితే చాలు, ఆ బండ మీంచి జారేది ముసలాయన ముక్కు మీది జలుబులా ఉండేది. అప్పటి అధికారికి గుండె గుభేలుమంది. జలపాతం లేని అడవికి ఎవడొస్తాడు? రాకపోతే తనెందుకు? కొండమీద చెట్ల చాటున పెద్ద సిమెంటు తొట్టి కట్టించాడు, వాగును అందులోకి మళ్ళించాడు, తొట్టికి లావుపాటి గొట్టం, గొట్టానికి ఇనప చక్రం బిగించాడు. ఇటు తిప్పితే జలపాతం, అటు తిప్పితే ఉత్త బండ. తిప్పడానికి మనిషి కావాలి కదా! తోటపనికని కొత్తగా చేరిన ఒకణ్ణి తీసుకెళ్ళి చక్రం ముందు నిలబెట్టారు. ఆయన అక్కడే ఇంటివాడై, తండ్రై, తాతై, జుట్టంతా నెరిపించుకున్నాడు. తోటి ఉద్యోగులు ఆయనకి భగీరథుడని పేరు పెట్టారు. అసలు భగీరథుడు నానా తిప్పలూ పడి ఒక్కసారి నీళ్ళు దింపాడు. మనవాడు రోజూ దింపుతాడు, బస్సులు వెళ్ళిపోగానే కట్టేస్తాడు కూడా.

ఆయన ఆఫీసు ఒక రేకుల గది. అందులో ఒక కుర్చీ, మేకుకి వేలాడే చొక్కా, ఒక వైర్‌లెస్ సెట్టు. కింద రెయిలింగు దగ్గర గైడు ఉంటాడు. పొద్దస్తమానం మైకు పట్టుకునే ఉంటాడు గనక అతని పేరే మైకు. వైర్‌లెస్‌లో చక్రమనీ, గొట్టమనీ నోరు జారితే జనం వింటారని వాళ్ళు పెళ్ళిభాష పెట్టుకున్నారు. బస్సులు ఆగగానే మైకు "పెళ్ళివారొచ్చారు" అనేవాడు. అందరూ రెయిలింగు దగ్గర సర్దుకున్నాక "వడ్డించు" అనేవాడు. బస్సులు కదిలాక "చాలు, ఎత్తెయ్" అనేవాడు. పెద్దవాళ్ళెవరైనా వస్తే "పెళ్ళికొడుకు తాలూకు" అని చెప్పేవాడు, అప్పుడు చక్రం చివరంటా తిప్పాలి.

భగీరథుడు ఆషామాషీగా తిప్పే రకం కాదు. ముందు కాస్త వదిలి ఆగేవాడు. బండ తడిసి నల్లబడి, జనం 'ఇంతేనా' అని మొహాలు చూసుకునేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారిగా తిప్పేవాడు. కింద నుంచి "ఓ!" అని కేక లేచేది. ఆ కేక చెవిన పడితే చాలు, ఆయన ఛాతీ ఉబ్బిపోయేది. "మెచ్చుకోలు నాది, పేరు బండది" అని గొణుక్కునేవాడు గానీ, లోపల మాత్రం తనంతటి కళాకారుడు ఈ భూప్రపంచంలో లేడనే నమ్మకం. తన జలపాతాన్ని తను ఒక్కసారైనా కింద నుంచి చూడలేదు. చక్రం దగ్గర తనుంటేనే కదా కింద అది ఉండేది!

ఇంతవరకు బాగానే ఉంది. అదే తొట్టికి ఇంకో గొట్టం కూడా ఉంది, సన్నది. అది కొండ వెనక ఉద్యోగుల ఇళ్ళ వరసకు పోతుంది. సెలవుల్లో జనం విరగబడతారు, జలపాతానికి తొట్టి నిండుగా ఉండాలి, కాబట్టి సన్న గొట్టం కట్టేయమని పైనుంచి ఆర్డరు. కట్టేసేదెవరు? ఇంకెవరు, భగీరథుడే! తన చేత్తో తన ఇంటి నీళ్ళు ఆపేసి, అదే చేత్తో లోకానికి జలపాతం వడ్డించేవాడు. నోరు జారితే ఉద్యోగం జారుతుందని చేరిన రోజే చెప్పారు గనక ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ ఇళ్ళ వరసకంతటికీ ఒకటే కుళాయి. ఆ కుళాయి దగ్గర పెత్తనం ఆయన భార్యది. నోరున్న మనిషి, న్యాయమూ ఉన్న మనిషి. వరస తప్పి బిందె పెట్టినవాళ్ళు బతికి బట్టకట్టరు. కానీ సెలవులొస్తే ఆ పెత్తనం ఎవరి మీద చూపిస్తుంది? కుళాయి తిప్పితే గుర్రుమని గాలి, రెండు దగ్గులు, చివరికి ఉన్న ఒక్క చుక్కనీ తనే మింగేసినట్టు 'గుటుక్'. ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో ఎండలో నిలబడి కుళాయి మొహం చూస్తూ ఉండేవాళ్ళు.

సాయంత్రం ఇంటికి రాగానే భగీరథుడికి ఈ పురాణమంతా వినక తప్పేది కాదు.

"ఎవడో మన నీళ్ళు మళ్ళించేస్తున్నాడండీ. వాడి చేతులు పడిపోను!"

ఆయన చేతులు రెండూ ఒళ్ళో దాచుకునేవాడు. "అలా తిట్టకూడదు. పాపం, వాడి కష్టమేమిటో."

"వాడికి కష్టమా! వాడి పెళ్ళాం కూడా నాలాగే బిందె పట్టుకుని నిలబడితే అప్పుడు తెలిసొస్తుంది."

"తెలుస్తుందిలే."

"ఆఫీసులో ఓ మాట అడగకూడదూ? ఇంతకీ మీరక్కడ చేసేదేమిటండీ?"

"కాపలా."

"దేనికి?"

"అడవికి."

"అడవిని ఎవడెత్తుకుపోతాడు?"

ఆయన ఎలుగుబంటికి భయపడడు, అధికారికి కాస్త భయపడతాడు, భార్య అంటే మాత్రం ప్రాణం. తెలిస్తే తిడుతుందని కాదు ఆయన బెంగ. తిట్లు రోజూ తింటూనే ఉన్నాడు, ఎటొచ్చీ అవి ఎవరికి తగలాలో తెలియకుండా వస్తున్నాయి. ఎంత చీకాకులో ఉన్నా, తను గుమ్మంలో అడుగుపెట్టగానే "వచ్చారా" అని చూసే ఆ చూపు పోతుందని బెంగ. ఆ చూపు కోసం ఇన్నేళ్ళూ అబద్ధం మోశాడు. తమాషా ఏమిటంటే, ఆవిడ ఒక్కసారి ఆ జలపాతం చూసి "బాగుంది" అంటే వినాలని కూడా ఆయనకి కొండంత ఆశ. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆవిడ కదిలేది కాదు. "నాకు నీళ్ళు చూడ్డం కాదు, పట్టుకోవడం కావాలి" అనేది.

ఆ సెలవుల్లో ఆవిడ తమ్ముడు పెళ్ళాంతో సహా దిగాడు. లోకంలో చూడవలసిన చోట్లన్నీ చూసేశానని చెప్పుకోవడానికే పుట్టిన మనిషి. ఏ చోటు గురించి ఎత్తినా "చూశాం, చూశాం" అంటాడు. ఏం చూశావంటే ఫోన్లో తన మొహం చూపిస్తాడు, దాని వెనకాల ఎక్కడో ఓ మూల ఆ చోటు ఉంటుంది.

"ఏం బావా, ఇంకా అడవిని కాపలా కాస్తున్నావా? చెట్లేమైనా పారిపోయాయా?" అన్నాడు వస్తూనే.

"మీ బావగారు లేకపోతే ఇక్కడ ఒక్క పనీ జరగదు, తెలుసా?" అంది అక్క. ఏ పనో ఆవిడకీ తెలియదు. మొగుణ్ణి తను ఎన్నయినా అంటుంది గానీ, పుట్టింటివాళ్ళు అంటే ఊరుకోదు. భగీరథుడికి ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు పొద్దున బావమరిది స్నానానికి వెళ్ళాడు. ఉన్నది ఒక్క బకెట్టు. సగం ఒంటి మీద పోసుకుని, నెత్తికి సబ్బు దండిగా పట్టించి, మిగతా సగం కాళ్ళకి పోసుకున్నాడు. పట్నం అలవాటు మరి! "అక్కా, నీళ్ళు!" అని కేక వేశాడు. ఆవిడ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. కుళాయి 'గుటుక్' అంది. ముందురోజు సాయంత్రమే భగీరథుడు కట్టేసి వచ్చాడు. బావమరిది తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ బయటికి వచ్చాడు. చివరికి తాగే నీళ్ళ కూజా అతని నెత్తిన ఒంపాల్సి వచ్చింది.

"ఏం అడవి బావా ఇది! చెట్లకి నీళ్ళు, మనుషులకి నురగా?"

భార్య మొహం కందిపోయింది. తమ్ముడి ముందు చిన్నతనమైపోయింది. "పదరా, ఇవాళ నేనూ వస్తాను. ఇంతమందిని ఊరిస్తున్న ఆ జలపాతమేమిటో చూస్తాను" అని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. బూట్లు తొడుక్కుంటున్న భగీరథుడికి ముచ్చెమటలు పోశాయి. భయంతోపాటు సంబరం కూడా వేసింది. సిగ్గులేని సంబరం.

"పెళ్ళివారొచ్చారు" అంది వైర్‌లెస్. "వడ్డించు."

ఆ రోజు తిప్పినట్టు ఆయన జన్మలో తిప్పలేదు. పట్టి వదిలాడు, ఆగాడు, ఊరించాడు, చివరంటా తిప్పాడు. కింద నుంచి లేచిన "ఓ!"లో ఆవిడ గొంతు ఎక్కడుందోనని చెవులు రిక్కించాడు. దొరకలేదు. కాసేపటికి "చాలు, ఎత్తెయ్" అని వినిపించింది. కట్టేసి, కుర్చీలో కూర్చుని, ఆవిడ కట్టి ఇచ్చిన భోజనం డబ్బా మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మంలో నీడ పడింది. 'ఎలుగుబంట్లు తిరుగు ప్రదేశము, రాకూడదు' అనే బోర్డు దాటుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ భార్య నిలబడి ఉంది.

"వాళ్ళంతా ఏనుగు బండకి పోయారు" అంది, ఎవరో అడిగినట్టు. "నాకు మోకాళ్ళ నొప్పి, కాసేపు బెంచీ మీద కూర్చుంటానన్నాను. బస్సులు పోయాయి. జలపాతం సన్నబడింది. తర్వాత చుక్కలు పడ్డాయి. చివర్న 'గుటుక్' అంది. ఆ గుటుక్ నాకు తెలీదంటారా? రోజూ వినేదే కదా."

ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. ఆవిడ పెద్ద చక్రం చూసింది, గొట్టం చూసింది, దాని పక్కనే ఉన్న చిన్న చక్రం చూసింది.

"ఇదేమిటి?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మన కుళాయిది."

అలాంటప్పుడు మనిషన్నవాడు కాళ్ళ మీద పడతాడు, లేదా పారిపోతాడు. ఈ కళాకారుడు ఏం చేశాడో తెలుసా? గొంతు సవరించుకుని, "ఎలా ఉంది?" అన్నాడు.

"ఏది?"

"అదే... జలపాతం."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. "బాగుంది. చాలా బాగుంది. నోరు తెరుచుకుని చూశాను. ఇన్ని నీళ్ళా అనుకున్నాను. అందరూ ఓ అని అరిచారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది." అంటూనే కొంగుతో మొహం తుడుచుకుంది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నా మొగుడే గరిటె పట్టుకుని కూర్చున్నాడు, నా బిందెలో మాత్రం చుక్క లేదు."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఆ డబ్బా తీరిగ్గానే తెండి. కడగడానికి నీళ్ళెలాగూ లేవు" అంది.

ఇంటికి వెళ్ళాక ఉతికి ఆరేస్తుందనుకున్నాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది, పక్క వేసింది, తమ్ముడితో మామూలుగానే మాట్లాడింది. గుమ్మంలో ఆ చూపు మాత్రం లేదు. మర్నాడు కుళాయి దగ్గర పక్కింటామె "వాడెవడో గానీ, వాడి వంశం..." అని మొదలుపెడితే, రోజూ అందరికంటే ముందు అందుకునే మనిషి తల దించుకుని బిందె అంచు రుద్దుతూ నిలబడింది. పనికి వెళ్తూ భగీరథుడది చూశాడు. ఇన్నాళ్ళూ తను దాచిన దొంగతనాన్ని ఇప్పుడు ఆవిడ దాస్తోంది. దానికంటే చెంప దెబ్బ నయమనిపించింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ వారంలోనే ఎవరో పెద్ద అతిథి వస్తున్నారని అడవంతా అల్లకల్లోలం చేశారు. గేటు దగ్గర సిమెంటు జింకలకి రంగు వేశారు. జలపాతాన్ని ఫొటోలు తీయడానికి పత్రికలవాళ్ళొచ్చారు. అధికారి స్వయంగా వైర్‌లెస్ పట్టుకుని, "ఇవాళ పెళ్ళికొడుకే వస్తున్నాడయ్యా. చివరంటా తిప్పాలి, కాస్త కూడా మిగలకూడదు" అన్నాడు. బావమరిది ప్రయాణం వాయిదా వేసుకుని మరీ ముందు వరసలో నిలబడ్డాడు.

"పెళ్ళివారొచ్చారు. వడ్డించు."

భగీరథుడు పెద్ద చక్రం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీశాడు. వంగి చిన్న చక్రం తిప్పాడు.

"వడ్డించు! వినపడుతోందా? వడ్డించవయ్యా!" అంది వైర్‌లెస్‌లో అధికారి గొంతు.

ఆయన మీట నొక్కాడు. "ఇంట్లోవాళ్ళు ఇంకా తినలేదు సార్."

"ఏమిటీ?"

"ఇంట్లోవాళ్ళు తిన్నాకే పెళ్ళివారికి. కాసేపు కూర్చోమనండి" అని వైర్‌లెస్ కట్టేశాడు. కొండ వెనక ఇళ్ళ వైపు నుంచి బిందెల చప్పుడు, ఆడవాళ్ళ అరుపులు వినిపించాయి. ఉద్యోగం ఊడినట్టేనని తెలిసీ ఆయన కూర్చుని, డబ్బా తెరిచి భోజనం చేశాడు.

కింద అతిథి ఉత్త బండ ముందు నిలబడి ఉన్నాడు. అధికారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మైకు, ఆ పాపాత్ముడు, ఎన్ని అబద్ధాల మీద బతికాడో అన్నిటినీ తలచుకుని గొంతు పెగల్చాడు. "మహాశయులారా! ప్రపంచంలో ఎక్కడా లేని మౌన జలపాతం! దీన్ని కళ్ళతో చూడరు, మనసుతో వింటారు. దయచేసి నిశ్శబ్దం!" అతిథి కళ్ళు మూసుకున్నాడు. ఆయన మూసుకున్నాక తెరిచి ఉంచే ధైర్యం ఇంకెవరికుంటుంది? అందరూ మూసుకున్నారు. కాసేపటికి అతిథి గట్టిగా ఊపిరి వదిలి, "అద్భుతం" అన్నాడు.

బావమరిది ఇంటికొచ్చి, "అక్కా, నాకు లోపలెక్కడో నీళ్ళ చప్పుడు వినపడిందే!" అన్నాడు.

"నాకూ వినపడిందిరా, కుళాయిలో" అంది అక్క.

ఇక చూడండి, అడవికి జనం రెట్టింపయ్యారు. టిక్కెట్టు వెనకాల బొమ్మ మార్చారు. అధికారికి సన్మానం చేశారు. నీళ్ళు లేకుండానే ఇంత పేరొస్తుంటే నీళ్ళెందుకని పెద్ద గొట్టం పీకించేశాడు. నీళ్ళన్నీ ఇళ్ళకే వస్తున్నాయి. భగీరథుణ్ణి పిలిచి, "నిన్ను తీసేస్తే బయట వాగుతావు, ఉంచితే పనేం లేదు" అని కాసేపు తల గోక్కున్నాడు. చివరికి రెయిలింగు దగ్గర 'నిశ్శబ్దం పాటించండి' అనే అట్ట పట్టుకుని నిలబడే పని ఇచ్చాడు. జనం కేక కోసం బతికినవాడు ఇప్పుడు నోటి మీద వేలేసుకుని జనం నోళ్ళు మూయిస్తున్నాడు. చిన్నపిల్లలు నవ్వినా "ఉష్" అనాలి. పిలిచి మరీ చేసిన అవమానమది. "ఉష్" అన్న ప్రతిసారీ ఆయన ప్రాణం చివుక్కుమనేది.

ఇంట్లో బిందెలు నిండుగా ఉన్నాయి. ఆవిడ మాటలు కూడా మొదలుపెట్టింది, కూర బాగుందా, చొక్కా ఉతకాలా అని. గుమ్మంలో ఆ చూపు మాత్రం ఇంకా రాలేదు. అడిగి తెచ్చుకునేది కాదు కదా అని ఆయన ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడే భోజనం డబ్బా తీసుకుని రెయిలింగు దగ్గరికి వచ్చింది. జనం వరసలు వరసలుగా నిలబడి, కళ్ళు మూసుకుని, ఎండిన బండకి ఎదురుగా ఊపిరి బిగపట్టి ఉన్నారు. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది.

"ఏమండీ, వీళ్ళంతా దేన్ని చూస్తున్నారు?" అంది మామూలు గొంతుతో. ఆవిడ మామూలు గొంతు అవతలి కొండకి వినపడుతుంది.

"జలపాతాన్ని" అన్నాడాయన గుసగుసగా.

"నీళ్ళేవీ?"

"లేవు. అదే దీని గొప్ప."

ఆవిడ ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. "నీళ్ళు రాని చోట నిలబడ్డానికి డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కున్నారా! మేం ఇన్నేళ్ళు నిలబడ్డాం కదండీ కుళాయి ముందు, ఎండలో, ఖాళీ బిందెలు పట్టుకుని. మమ్మల్ని చూడ్డానికి ఒక్కడూ రాలేదేం?"

ముందు వరసలో ఒకరిద్దరు కళ్ళు తెరిచారు. మైకు కంగారుగా సైగ చేశాడు, నోరు మూయించమని. అటుపక్క గొడుగు కింద నిలబడ్డ అధికారి కూడా వేలు చూపించాడు. భగీరథుడి వేలు అలవాటుగా పెదవుల దాకా లేచింది. ఆవిడ ఆ వేలి వంక చూస్తూ నిలబడింది.

ఆయన వేలు దించాడు. అట్టని బెంచీ మీద బోర్లా పెట్టి, ఆవిడ చేతిలోంచి డబ్బా అందుకున్నాడు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు" అన్నాడు, తన మామూలు గొంతుతో. "వెనకవాళ్ళకి వినపడలేదు."